పద్దెనిమిదేళ్ళ ఆటగాడు - అభిమానుల తీర్పు



ఈనాటి మన ప్రసంగం ఆటకు సంబంధించింది. అయితే ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు అన్నదాన్ని పక్కన పెడదాం. పద్దెనిమిదేళ్ళ కుర్రవాడొకడు తన ఈడువాళ్ళందరిలోకీ మొదటివాడుగా ఎంపికయ్యాడు. తీరా బరిలోకి దిగాక తడబడ్డాడు. అతన్ని గురించి ఒక మహానగరం రెండు మూడు వర్గాలుగా చీలి వాదించుకుంది. ఆ వాదనల్లో ఏది నిలిచింది? ఏది నిలవలేదు? ఇంకా ఎదుగుతున్న మనిషిని అంచనా వేయాలంటే ఏమేం చూడాలి? ఈ ప్రశ్నలకు జవాబులు వెతుకుదాం.

హాకీ అనగానే మనకు ధ్యాన్‌చంద్, పచ్చిక మైదానం గుర్తుకొస్తాయి. కెనడావాళ్ళకు హాకీ అంటే ఐస్ హాకీ. మంచు పలక మీద, కాళ్ళకు స్కేట్లు కట్టుకుని, బంతికి బదులు పక్ అనే నల్లని రబ్బరు బిళ్ళతో ఆడే ఆట అది. మన దేశంలోనూ లడఖ్‌లో, హిమాచల్ ప్రదేశ్‌లో చలికాలంలో ఈ ఆట ఆడతారు. 2025లో జరిగిన మహిళల ఐస్ హాకీ ఆసియా కప్‌లో మన జట్టు కాంస్య పతకం గెలుచుకుంది.

ఆట తెలియనివారి కోసం రెండు మాటలు. ఒక్కో జట్టు తరఫున మంచు మీద ఐదుగురు ఆటగాళ్ళు, ఒక గోల్ కీపర్ ఉంటారు. ఆట మొత్తం 60 నిమిషాలు. దాడి చేసే ముగ్గురు ఫార్వర్డులను కలిపి ఒక 'లైన్' అంటారు. ఈ లైన్లు ఒకదాని తరవాత ఒకటి వంతులవారీగా బరిలోకి దిగుతాయి. ఒక్కో వంతు నిమిషం లోపే. కాబట్టి జట్టులో ఉన్న ఆటగాడు మ్యాచ్ మొత్తం ఆడడు. కోచ్ నమ్మకాన్ని బట్టి పది నిమిషాలు ఆడవచ్చు, ఇరవై నిమిషాలు ఆడవచ్చు. గోల్ కొట్టినవాడికి ఒక పాయింటు, గోల్‌కు సాయపడినవాడికి ఒక పాయింటు వస్తాయి. ఆ సాయాన్ని 'అసిస్ట్' అంటారు. ఈ మాటలు గుర్తుంచుకోండి. తరవాత పనికొస్తాయి.

డ్రాఫ్ట్ అంటే ఏమిటి?

మన ఐ.పి.ఎల్. క్రికెట్‌లో ఆటగాళ్ళను వేలంలో కొంటారు. ఎక్కువ డబ్బు పెట్టిన జట్టుకు ఆటగాడు దక్కుతాడు. ఉత్తర అమెరికాలోని నేషనల్ హాకీ లీగ్‌లో కొత్త కుర్రాళ్ళకు వేలం ఉండదు, వంతులు ఉంటాయి. ఆ పద్ధతినే డ్రాఫ్ట్ అంటారు. ఇది 1963లో మాంట్రియాల్ నగరంలో మొదలైంది. ఇప్పుడు లీగ్‌లో 32 జట్లు ఉన్నాయి. డ్రాఫ్ట్ ఏడు విడతలుగా జరుగుతుంది. అంటే ఏటా సుమారు 224 మంది కుర్రాళ్ళు ఎంపికవుతారు. ఆ ఏడాది సెప్టెంబర్ 15 నాటికి 18 ఏళ్ళు నిండినవాళ్ళు అర్హులు.

ముందు వంతు ఎవరిది? కిందటి సీజన్‌లో వెనకబడిన జట్లది. బలమైన జట్లు మరింత బలపడిపోయి, బలహీనమైనవి ఎప్పటికీ లేవలేని స్థితి రాకూడదని ఈ ఏర్పాటు. మరి ముందు వంతు కోసం కావాలనే ఓడిపోయే జట్లు ఉండవా అని మీకు సందేహం రావచ్చు. ఆ సందేహం లీగ్‌కూ వచ్చింది. అందుకే 1995 నుంచి లాటరీ పెట్టారు. అట్టడుగు జట్టుకు మొదటి వంతు దక్కే అవకాశం అందరికన్నా ఎక్కువ. కానీ తప్పకుండా దక్కుతుందన్న హామీ లేదు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. మన పరీక్షల్లో ర్యాంకు అంటే అప్పటికే రాసేసిన జవాబులకు వచ్చిన ఫలితం. డ్రాఫ్ట్‌లో వచ్చే సంఖ్య అలాంటిది కాదు. ఈ కుర్రవాడు రాబోయే పదేళ్ళలో ఏమవుతాడో అని ఒక జట్టు నిపుణులు వేసిన ఊహ అది. ఊహ వేసింది వాళ్ళు, ఆ సంఖ్యను జీవితాంతం మోయాల్సింది కుర్రవాడు. జట్టును, నగరాన్ని, కోచ్‌ను ఎంచుకునే స్వేచ్ఛ కూడా అతనికి ఉండదు.

2022 జూలై 7

మాంట్రియాల్ కెనేడియన్స్ చరిత్ర చాలా గొప్పది. లీగ్ విజేతకు ఇచ్చే స్టాన్లీ కప్‌ను 24 సార్లు గెలిచిన జట్టు అది. ఆ రికార్డు మరే జట్టుకూ లేదు. కానీ చివరి కప్పు 1993లో వచ్చింది. 2021లో ఫైనల్ దాకా వెళ్ళిన ఈ జట్టు మరుసటి ఏడే లీగ్‌లో అట్టడుగుకు పడిపోయింది. లాటరీ కలిసొచ్చి 2022 డ్రాఫ్ట్‌లో మొదటి వంతు దక్కింది. ఆ ఏడు డ్రాఫ్ట్ జరిగింది కూడా మాంట్రియాల్‌లో, వాళ్ళ సొంత స్టేడియం బెల్ సెంటర్‌లోనే.

అభిమానుల్లో చాలామంది ఒక కెనడా కుర్రవాడి పేరు వింటామనుకున్నారు. అతను షేన్ రైట్. పదిహేనేళ్ళకే ప్రత్యేక అనుమతితో ఒంటారియో జూనియర్ లీగ్‌లో అడుగుపెట్టినవాడు. ఎన్నో నెలలుగా మొదటి ఎంపిక అతనే అని చెప్పుకున్నారు. వేదిక మీద వినిపించిన పేరు వేరు. స్లొవేకియా దేశానికి చెందిన యురాయ్ స్లాఫ్‌కోవ్‌స్కీ. ఆ దేశం నుంచి మొదటి స్థానంలో ఎంపికైన తొలి ఆటగాడు అతనే. రైట్ నాలుగో స్థానానికి జారి సియాటిల్ జట్టులో చేరాడు.

స్లాఫ్‌కోవ్‌స్కీని ఎందుకు ఎంచుకున్నారు? అతను 2004 మార్చి 30న పుట్టాడు. ఎత్తు ఆరడుగుల మూడంగుళాలు, దానికి తగిన బలం. 2022 ఫిబ్రవరిలో బీజింగ్ ఒలింపిక్స్ జరిగినప్పుడు అతనికి ఇంకా 17 ఏళ్ళే. అక్కడ 7 మ్యాచ్‌లలో 7 గోల్స్ కొట్టి, ఆ పోటీల్లో అత్యుత్తమ ఆటగాడుగా నిలిచాడు. స్లొవేకియాకు కాంస్యం వచ్చింది. ఒలింపిక్ హాకీలో ఆ దేశానికి అదే తొలి పతకం.

అదే సీజన్‌లో ఫిన్లండ్ లీగ్‌లో టర్కు నగరం జట్టుకు ఆడినప్పుడు మాత్రం 31 మ్యాచ్‌లలో 5 గోల్సే కొట్టాడు. ఆటగాడు ఒకడే, సీజన్ ఒకటే. ఒకచోట మ్యాచ్‌కు ఒక గోల్, మరోచోట ఆరు మ్యాచ్‌లకు ఒక గోల్. నేషనల్ హాకీ లీగ్ ఆటగాళ్ళు ఆ ఒలింపిక్స్‌కు రాలేదన్న సంగతి కూడా కలుపుకోండి. ఈ రెండు అంకెల్లో అసలు స్లాఫ్‌కోవ్‌స్కీ ఎవరు? నిపుణులకే కష్టమైన ప్రశ్న ఇది.

తడబాటు, వాదన

2022-23 సీజన్ మొదలైంది. స్లాఫ్‌కోవ్‌స్కీ 39 మ్యాచ్‌లు ఆడాడు. 4 గోల్స్, 6 అసిస్టులు, మొత్తం 10 పాయింట్లు. సగటున మ్యాచ్‌కు సుమారు 12 నిమిషాలు మంచు మీద ఉన్నాడు. జనవరిలో గాయం కావడంతో ఆ సీజన్ అక్కడితో ముగిసింది. రెండో సీజన్ తొలి రెండు నెలలూ గోల్స్ అరుదుగానే వచ్చాయి. ఇంటా బయటా వాదన ముదిరింది.

ఆ వాదనలో ప్రధానంగా మూడు పక్షాలు ఉన్నాయి.

మొదటి పక్షం ఎంపికే తప్పని అంది. ఒలింపిక్స్‌లో రెండు వారాల మెరుపు చూసి మోసపోయారని, రైట్‌ను తీసుకోవాల్సిందని వాళ్ళ వాదన.

రెండో పక్షం ఎంపికను తప్పు పట్టలేదు, తొందరను తప్పు పట్టింది. పద్దెనిమిదేళ్ళవాణ్ణి పెద్దల లీగ్‌లో నాలుగో వరుసలో కొద్ది నిమిషాలు ఆడిస్తే ఏం నేర్చుకుంటాడు? కింది స్థాయి లీగ్‌కు పంపితే ఎక్కువసేపు ఆడతాడు, పక్ ఎక్కువసేపు చేతికి అందుతుంది, ఆత్మవిశ్వాసం పెరుగుతుంది అన్నది వారి మాట. మాంట్రియాల్‌కు దగ్గరలోనే లవాల్ పట్టణంలో దాని అనుబంధ జట్టు ఉంది. కెనడా జూనియర్ లీగ్‌ల నుంచి వచ్చే కుర్రాళ్ళను ఇరవై ఏళ్ళలోపు ఈ అనుబంధ లీగ్‌కు పంపడానికి చాలా ఏళ్ళపాటు ఒప్పందం అడ్డుగా ఉండేది. వాళ్ళకు రెండే దారులు - పై లీగ్, లేదా తిరిగి జూనియర్ లీగ్. స్లాఫ్‌కోవ్‌స్కీ ఐరోపా నుంచి వచ్చాడు కనుక అతనికి ఆ అడ్డు లేదు. అందుకే ఈ వాదనకు అంత బలం వచ్చింది.

మూడో పక్షం ఓపిక పట్టమంది. ఈదడం నీళ్ళలోనే వస్తుంది కదా అన్నది వారి వాదన. ఐరోపాలో రింకులు సంప్రదాయంగా 30 మీటర్ల దాకా వెడల్పు ఉంటాయి. ఈ లీగ్‌లో రింకు వెడల్పు సుమారు 26 మీటర్లు. వెడల్పు తగ్గితే ఆలోచించే సమయమూ తగ్గుతుంది. ప్రత్యర్థి రెప్పపాటులో మీద పడతాడు. ఆ వేగానికి కింది లీగ్‌లో అలవాటు పడలేడు, ఇక్కడే పడాలి అన్నారు. జట్టు యాజమాన్యం ఈ పక్షానే నిలిచింది.

మాంట్రియాల్‌వాళ్ళ భయానికి ఒక పాత కథ కూడా తోడైంది. ఆ జట్టుకు 2022కు ముందు మొదటి ఎంపిక వంతు వచ్చింది 1980లో. అప్పుడు డగ్ వికెన్‌హైజర్‌ను తీసుకున్నారు. అదే ఏడు మాంట్రియాల్‌లోనే పెరిగిన డెనీ సవార్ మూడో స్థానంలో షికాగో జట్టుకు వెళ్ళాడు. తొలి సీజన్‌లో సవార్‌కు 75 పాయింట్లు, వికెన్‌హైజర్‌కు 15. సవార్ తరవాత హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. వికెన్‌హైజర్ ఒక సీజన్‌లో 25 గోల్స్ కొట్టినా, సవార్‌తో పోలిక అతన్ని విడిచిపెట్టలేదు. 1983లో అతన్ని మరో జట్టుకు ఇచ్చేశారు. లీగ్‌లో 556 మ్యాచ్‌లు ఆడినవాడు పనికిరాని ఆటగాడు కాదు. అయినా ఆ నగరం అతన్ని గుర్తుపెట్టుకున్నది 'సవార్ కానివాడు'గా. 42 ఏళ్ళ తరవాత స్లాఫ్‌కోవ్‌స్కీని, రైట్‌ను పక్కపక్కన నిలబెట్టినప్పుడు వెనక ఈ జ్ఞాపకం ఉంది.

అంకెలు ఎంతవరకు చెబుతాయి?

ఇప్పుడు మనం అభిమానుల గుంపు నుంచి కాస్త బయటికి వచ్చి లెక్క వేసి చూద్దాం. మీలో గణితం, స్టాటిస్టిక్స్ చదివేవారికి ఇది తెలిసిన పద్ధతే.

ఐస్ హాకీలో గోల్ అరుదైన ఘటన. లీగ్ మొత్తం మీద గోల్ మీదికి కొట్టిన ప్రతి పది షాట్లలో సుమారు ఒకటి గోల్ అవుతుంది. ఒక ఆటగాడు మ్యాచ్‌కు 2 షాట్ల చొప్పున 40 మ్యాచ్‌లు ఆడాడనుకుందాం. మొత్తం 80 షాట్లు. పదింట ఒకటి లెక్కన అతనికి 8 గోల్స్ రావాలి. కానీ అదృష్టం పాత్ర ఉంటుంది కదా. పక్ గోల్ స్తంభానికి తగిలి లోపలికి పోవచ్చు, బయటికి పోవచ్చు. ద్విపద విభాజనం ప్రకారం ప్రామాణిక విచలనం కడితే సుమారు 2.7 వస్తుంది. అంటే ఇంచుమించు 95 శాతం సందర్భాల్లో అతని గోల్స్ 3 నుంచి 13 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు.

దీని అర్థం ఏమిటి? ఆటగాడి నైపుణ్యం ఏమీ మారకుండానే ఒక సగం సీజన్‌లో 4 గోల్స్, మరో సగం సీజన్‌లో 12 గోల్స్ రావచ్చు. మొదటి దాన్ని చూసి 'పనికిరాడు' అంటాం, రెండో దాన్ని చూసి 'మహా ఆటగాడు' అంటాం. మనిషి అదే మనిషి. అయితే ఈ లెక్క తడబాటు మొత్తానికి సమాధానం కాదు. అసలు షాట్లే కొట్టలేకపోతున్నాడా, పక్‌ను పోగొట్టుకుంటున్నాడా, సరైన చోటికి చేరలేకపోతున్నాడా అన్నవి అదృష్టానికి సంబంధించినవి కావు. అందుకే అనుభవజ్ఞులు గోల్స్ కన్నా ముందు షాట్లను, అవకాశాలను చూస్తారు. ఫలితం ఆలస్యంగా వచ్చినా పనిలో మెరుగుదల ముందే కనపడుతుంది.

రెండో అంశం వయసు. కెనడా జూనియర్ హాకీలో పిల్లలను జనవరి 1 ఆధారంగా వయో బృందాలుగా విడదీస్తారు. జనవరిలో పుట్టినవాడూ, అదే ఏడు డిసెంబర్‌లో పుట్టినవాడూ ఒకే బృందం. పదేళ్ళ వయసులో పదకొండు నెలల తేడా అంటే తక్కువేమీ కాదు. పెద్దవాడు పొడుగ్గా, బలంగా ఉంటాడు. కోచ్ కళ్ళలో పడతాడు. మంచి జట్టులోకి వెళ్తాడు, మంచి శిక్షణ పొందుతాడు. అలా తొలి నెలల్లో పుట్టినవారు మేటి జట్లలో ఎక్కువగా కనపడతారని 1980లలోనే మనస్తత్వ శాస్త్రవేత్తలు గుర్తించారు. దీన్ని సాపేక్ష వయోప్రభావం అంటారు.

2013లో ప్రచురితమైన మరో అధ్యయనం దీన్ని డ్రాఫ్ట్‌కు అన్వయించింది. 1980 నుంచి 2007 దాకా ఎంపికైన కెనడా ఆటగాళ్ళను పరిశీలించింది. ఏడాది రెండో సగంలో పుట్టినవారిని జట్లు వారి అసలు సామర్థ్యానికి తగిన స్థానం కన్నా 40 స్థానాలకు పైగా ఆలస్యంగా ఎంచుకున్నాయని తేలింది. జనవరి-మార్చి మధ్య పుట్టినవారితో పోలిస్తే, లీగ్‌లో 400 మ్యాచ్‌లు ఆడటం లాంటి మైలురాళ్ళు చేరే అవకాశం వీరికి సుమారు రెట్టింపు. అంటే వృత్తిగా ఇదే పని చేసే నిపుణులు కూడా ఎదుగుదలను సామర్థ్యంగా, ఆలస్యాన్ని లోపంగా పొరబడుతున్నారన్నమాట.

పొరపాటు ఎంత దూరం పోగలదో చూడండి. పావెల్ దత్సూక్ 1998లో 171వ స్థానంలో ఎంపికయ్యాడు. హెన్రిక్ లుండ్‌క్విస్ట్ 2000లో 205వ స్థానంలో. ఇద్దరూ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరారు. ఇక స్లాఫ్‌కోవ్‌స్కీకి మాంట్రియాల్‌లో కోచ్‌గా దొరికిన మార్టిన్ సెయింట్ లూయీ తన కాలంలో డ్రాఫ్ట్‌లో ఎంపికే కాలేదు. ఏ జట్టూ ఆయన పేరు పిలవలేదు. ఆయన ఎత్తు తక్కువ కావడం అందుకు ఒక కారణం. ఆయనే 2004లో స్టాన్లీ కప్ గెలిచి, లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీని కూడా అందుకున్నాడు. ఎవరూ ఎంచుకోని ఆటగాడి చేతికి అందరికన్నా ముందు ఎంపికైన ఆటగాణ్ణి అప్పగించారు.

తరవాత ఏమైంది?

2023 డిసెంబర్ ప్రాంతంలో సెయింట్ లూయీ స్లాఫ్‌కోవ్‌స్కీని జట్టులోని మేటి ఫార్వర్డులు నిక్ సుజుకీ, కోల్ కాఫీల్డ్‌ల పక్కన ఆడించడం మొదలుపెట్టాడు. ఆడే సమయం మ్యాచ్‌కు సుమారు 17 నిమిషాలకు పెరిగింది. ఆ సీజన్ ముగిసేసరికి 82 మ్యాచ్‌లలో 20 గోల్స్, 30 అసిస్టులు. మొత్తం 50 పాయింట్లు. గోల్స్‌లో ఎక్కువ భాగం రెండో సగంలోనే వచ్చాయి. 2024 జూలైలో జట్టు అతనితో ఎనిమిదేళ్ళకు 6 కోట్ల 8 లక్షల డాలర్ల ఒప్పందం చేసుకుంది. 2024-25లో 51 పాయింట్లు సాధించాడు.

అయితే ఓపిక పక్షం గెలిచి, మిగతా రెండు పక్షాలు ఓడిపోయాయా? తొందరపడకండి. షేన్ రైట్ కథ కూడా చూద్దాం. సియాటిల్ అతన్ని తొలి సీజన్‌లో 8 మ్యాచ్‌లు మాత్రమే ఆడించింది. ఆ తరవాత అతను కెనడా జూనియర్ జట్టుకు నాయకుడుగా ప్రపంచ పోటీల్లో బంగారు పతకం గెలిచాడు. జూనియర్ లీగ్‌కు తిరిగి వెళ్ళాడు. మరుసటి సీజన్ ఎక్కువ భాగం అనుబంధ జట్టులోనే గడిపాడు. 2024-25లో పూర్తిస్థాయి ఆటగాడుగా 19 గోల్స్, మొత్తం 44 పాయింట్లు సాధించాడు. రెండో పక్షం చెప్పిన నిదానపు దారి ఇదే. అది కూడా పనిచేసింది. ఇద్దరు కుర్రాళ్ళు, రెండు దారులు. మూడేళ్ళు గడిచేసరికి ఇద్దరూ దగ్గర దగ్గరగా ఉన్నారు. 'ఎవరు మేలు' అన్న ప్రశ్నకు 2022 డిసెంబర్‌లో జవాబు చెప్పినవారెవరికీ తగిన ఆధారం లేదు.

తొలి సీజన్ ఎంతగా దారి తప్పించగలదో చెప్పడానికి మరో మూడు ఉదాహరణలు.

జో థార్న్‌టన్ 1997లో బోస్టన్ జట్టు మొదటి ఎంపిక. తొలి సీజన్‌లో కోచ్ అతన్ని తక్కువసేపే ఆడించాడు. 55 మ్యాచ్‌లలో 3 గోల్స్, 7 పాయింట్లు. స్లాఫ్‌కోవ్‌స్కీ కన్నా పేలవమైన ఆరంభం. 2005-06లో అతనే 125 పాయింట్లతో లీగ్‌లో అగ్రస్థానంలో నిలిచి హార్ట్ ట్రోఫీ అందుకున్నాడు. 1714 మ్యాచ్‌లు ఆడాడు. 2025లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు.

నెయిల్ యాకుపోవ్ 2012లో ఎడ్మంటన్ జట్టు మొదటి ఎంపిక. తొలి సీజన్‌లో 48 మ్యాచ్‌లలో 17 గోల్స్, 31 పాయింట్లు. అద్భుతమైన ఆరంభం. ఆ తరవాత ఆట పెరగలేదు. ఎడ్మంటన్‌లో ఉన్న నాలుగు సీజన్లలో నలుగురు కోచ్‌ల కింద ఆడాడు. 350 మ్యాచ్‌లతో ఆ లీగ్‌లో అతని కథ ముగిసింది.

అలెగ్జాండర్ డేగ్ల్ 1993లో ఒట్టావా జట్టు మొదటి ఎంపిక. ఆట మొదలుకాకముందే ఐదేళ్ళకు 1 కోటి 22 లక్షల డాలర్ల పైచిలుకు ఒప్పందం ఇచ్చారు. అలాంటివి చూశాకే లీగ్ 1995లో కొత్త ఆటగాళ్ళ జీతాలకు పరిమితి పెట్టింది. తొలి సీజన్‌లో 51 పాయింట్లతో బాగానే మొదలుపెట్టాడు. అంతకన్నా పైకి ఎదగలేదు. అతని తరవాత రెండో స్థానంలో ఎంపికైన క్రిస్ ప్రాంగర్ మేటి డిఫెన్స్ ఆటగాడై హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఓపిక పట్టమనేవారు థార్న్‌టన్‌ను చూపిస్తారు. ఎంపిక తప్పనేవారు డేగ్ల్‌ను చూపిస్తారు. ఇద్దరూ తమకు అనుకూలమైన కథనే ఏరుకుంటున్నారు. తడబడి లేచినవారి కథలు మనకు బాగా తెలుస్తాయి. తడబడి కనుమరుగైనవారి పేర్లు చాలామందికి గుర్తుండవు. కాబట్టి 'థార్న్‌టన్ అయ్యాడు కనుక ఇతనూ అవుతాడు' అనడం తర్కం కాదు. ఈ ఉదాహరణలు ఇచ్చే పాఠం చిన్నదే, కానీ గట్టిది. ఒక్క తొలి సీజన్‌ను పట్టుకుని మంచిగా గానీ చెడుగా గానీ తీర్పు చెప్పడానికి లేదు.

మంచి వాదన లక్షణాలు

అయితే అభిమానులు వాదించుకోకూడదా? తప్పకుండా వాదించుకోవాలి. టికెట్టు కొని, రాత్రంతా మేలుకుని ఆట చూసేవాడికి అభిప్రాయం చెప్పే హక్కు ఉంది. నిజానికి లవాల్‌కు పంపాలన్న వాదన వెనక ఆ కుర్రవాడి మేలు కోరే మనసే ఉంది. కావలసిందల్లా వాదనకు ఒక క్రమం. మనం ఇప్పటిదాకా చూసినదాన్ని నాలుగు ప్రశ్నలుగా కుదించుకుందాం.

ఒకటి: ఎంతకాలం చూసి చెబుతున్నాం? ఏడు మ్యాచ్‌లా, 39 మ్యాచ్‌లా, మూడు సీజన్లా? చూసిన కాలం ఎంత తక్కువైతే మన గొంతు అంత తగ్గాలి.

రెండు: ఎవరితో పోలుస్తున్నాం? పద్దెనిమిదేళ్ళవాణ్ణి పాతికేళ్ళవాడితో పోలుస్తున్నామా, లేక ఆ వయసులో ఉన్న ఇతరులతోనా? నిరుటి అతనితో పోల్చి చూశామా?

మూడు: అతనికి ఏం ఇచ్చారు? ఎన్ని నిమిషాలు ఆడించారు, ఎవరి పక్కన ఆడించారు, గాయం ఉందా, కోచ్‌లు ఎన్నిసార్లు మారారు? విత్తనం గురించి మాట్లాడే ముందు నేల, నీరు సంగతి కూడా చూడాలి కదా.

నాలుగు: ఏ ఆధారం కనపడితే మన అభిప్రాయం మార్చుకుంటాం? ఈ ప్రశ్న అందరికన్నా కష్టమైనది. 'వచ్చే ఏడాది కూడా షాట్లు పెరగకపోతే నా నమ్మకం తప్పని ఒప్పుకుంటాను' అని ముందే చెప్పగలిగినవాడు నిజమైన వాదన చేస్తున్నాడు. ఏం జరిగినా మారనివాడు పంతం పడుతున్నాడు.

ఈ నాలుగు ప్రశ్నలూ ఓపికను గుడ్డిగా సమర్థించవని గమనించండి. అన్నీ ఇచ్చి, తగినంత కాలం చూశాక కూడా మెరుగుదల కనపడకపోతే, ఎంపిక ఫలించలేదని చెప్పక తప్పదు. యాకుపోవ్ విషయంలో ఎడ్మంటన్ చివరికి ఆ నిర్ణయమే తీసుకుంది. కానీ ఫలించనిది ఒక ఊహ. ఆ కుర్రవాడి మీద 'వ్యర్థుడు' అన్న ముద్ర వేసే అధికారం ఆ నిర్ణయం నుంచి రాదు. వికెన్‌హైజర్ జీవితం మనకు చెప్పేది ఇదే. అతను తన శక్తి మేరకు ఆడాడు. సవార్‌ను వదిలి తనను ఎంచుకోమని అతను ఎవరినీ అడగలేదు. ఆ లెక్క తప్పినందుకు నింద మాత్రం ఎంచుకున్నవారికన్నా అతనికే ఎక్కువ అంటుకుంది.

ఈ ప్రసంగం వింటున్న మీలో చాలామందిది అదే వయసు. ఇంటర్మీడియట్ మార్కులు, ప్రవేశ పరీక్షల ర్యాంకులు, మొదటి సెమిస్టరు ఫలితాలు - వీటిని పట్టుకుని ఎవరు ఏమవుతారో చుట్టుపక్కలవారు చెప్పేస్తుంటారు. ఒక్కోసారి మీ స్నేహితుల గురించి మీరే చెప్పేస్తుంటారు. పెద్ద ర్యాంకుతో కొత్త కాలేజీలో చేరి, ఇంగ్లీషు మీడియంలోనో, ఇంటికి దూరంగా హాస్టల్లోనో మొదటి ఏడాది తడబడే విద్యార్థి ప్రతి తరగతిలోనూ ఉంటాడు. అతని గురించి మాట్లాడేముందు ఈ నాలుగు ప్రశ్నలూ వేసుకోండి. మీ గురించి మీరు తీర్పు చెప్పుకునేటప్పుడు కూడా వేసుకోండి. జవాబులు కొన్నిసార్లు ఊరటనిస్తాయి, కొన్నిసార్లు ఇంకా కష్టపడాలని చెబుతాయి. రెండూ అవసరమే.

చివరగా మీకొక అభ్యాసం. మీకు ఇష్టమైన ఏ ఆటలోనైనా ఈ మధ్య తడబడుతున్న ఒక యువ ఆటగాణ్ణి ఎంచుకోండి. అతని గురించి మీ అభిప్రాయాన్ని ఒక కాగితం మీద, తేదీ వేసి రాయండి. కింద ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు రాయండి. కాగితాన్ని దాచిపెట్టి, రెండేళ్ళ తరవాత తీసి చదవండి. ఆటగాడి గురించే కాక, మీరు తీర్పులు చెప్పే తీరు గురించి కూడా అది మీకు కొంత చెబుతుంది.